స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్ పాత పబ్బులు: మా వీధి మూలది కూడా మూసేశారు

ఓల్డ్‌బరీ_రాజు
మా వీధి మూల పబ్‌కి పోయిన నెల కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశారు. మొన్న ఎదురు స్తంభానికి కౌన్సిల్ నోటీసు కట్టారు. లోపలంతా చిన్న చిన్న గదులు చేసి అద్దెకిస్తారట. మన వాట్సాప్ గ్రూపులో చెప్తే అందరూ "పీడా విరగడైంది, పార్కింగ్ దొరుకుతుంది" అన్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మా పక్కింటి పెద్దాయన పోత ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక రోజూ సాయంత్రం అక్కడే కూర్చునేవాడు. ఇప్పుడు కర్టెన్లు వేసుకుని టీవీ ముందు కూర్చుంటున్నాడు.

ఇక్కడ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హాం పక్కన స్మెథిక్, టిప్టన్, వెస్ట్ బ్రామ్ (వెస్ట్ బ్రామిచ్) వైపు పాత రోజుల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా? ఈ వీధి పబ్బులు అసలు ఎలా ఉండేవి? ఇన్ని ఎందుకు ఉండేవి, ఎందుకు పోయాయి?

గుంటూరు_కారం
పోతే పోయింది రాజూ. తాగుడు కొట్టుకి ఇంత మురిపెం ఏంటి. మన ఊళ్ళో బెల్టు షాపు మూస్తే పండగ చేసుకుంటాం కదా.

చార్మినార్_టు_డడ్లీ
నాకూ ఒక డౌట్. మా ఇంటి నుంచి బస్టాప్‌కి నడిచే దారిలో పబ్ ఆకారంలో ఉన్న బిల్డింగులు ఎన్నో. ఒకటి కార్పెట్ షాపు, ఒకటి నర్సరీ స్కూలు, ఒకటి మసీదు. ఒక్క రోడ్డు మీద ఇన్ని ఎలా బతికాయి?

డాక్టర్_విశాఖ74
నేను ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి 1974లో వచ్చాను. కొన్నాళ్ళు ఆసుపత్రిలో చేసి, తర్వాత రిటైరయ్యేదాకా టిప్టన్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా ఉన్నాను. ఆ పబ్బుల సంగతి కాస్త వివరంగా చెప్తాను.

మీరు ఇప్పుడు చూసే ఒకే పెద్ద హాలు కాదు. అప్పుడు గోడలుండేవి. వీధిలోంచి నేరుగా వెళ్తే "బార్". నేల మీద లినోలియం, గోడ వెంట చెక్క బెంచీలు, కొలిమి దగ్గర నుంచి ఆ మసి బట్టలతోనే వచ్చిన మగవాళ్ళు. పక్క తలుపు తీస్తే "స్మోక్ రూమ్". అక్కడ కార్పెట్, మెత్తని సీట్లు, గోడకి బెల్లు. నొక్కితే మనిషి వచ్చి ఆర్డర్ తీసుకుంటాడు. రెండు చోట్లా అదే పీపాలో బీరే, స్మోక్ రూమ్‌లో ఒకటి రెండు పెన్నీలు ఎక్కువ. ఫోర్‌మన్ అక్కడ కూర్చుంటాడు, పనివాడు బార్‌లో కూర్చుంటాడు. శనివారం రాత్రి మాత్రం పనివాడు కూడా సూటు వేసుకుని భార్యని తీసుకుని స్మోక్ రూమ్‌కి వచ్చేవాడు.

ఇంకొకటి "అవుట్‌డోర్" అని ఉండేది. పక్క సందులోకి తెరుచుకునే చిన్న కిటికీ, ఇంటికి కొనుక్కెళ్ళేవాళ్ళ కోసం. మా ముసలి పేషెంట్లు చెప్పేవారు, చిన్నప్పుడు తండ్రి సీసా ఇచ్చి పంపేవాడట. పిల్లలు దారిలో తాగకూడదని చట్టం ప్రకారం మూత మీద కాగితం సీలు అంటించి ఇచ్చేవారు. వీళ్ళు ఆ కాగితాన్ని ఉమ్మితో తడిపి నెమ్మదిగా లేపి, ఒక గుక్క తాగి, మళ్ళీ అంటించేవారట. ఆ మాట చెప్తున్నప్పుడు ఎనభై ఏళ్ళ మనిషి ముఖం పదేళ్ళ పిల్లాడిలా అయిపోయేది.

రాజు గారి పక్కింటాయన గురించి చదివాక గుర్తొచ్చింది. ఒకరోజు పబ్ నడిపే ఆవిడ నా క్లినిక్‌కి ఫోన్ చేసింది. "ఆయన నిన్నా రాలేదు, ఈరోజూ రాలేదు డాక్టర్" అంది. వెళ్ళి తలుపు తీయించేసరికి వంటింట్లో తుంటి విరిగి పడి ఉన్నాడు. బతికాడు. ఈరోజు ఆయన రాలేదని ఎవరికి తెలుస్తుంది?

పాలమూరు_పిల్లోడు
డాక్టర్ గారూ, ఆ సీలు కాగితం సంగతి సూపర్.

ఇనుప_వంతెన
చార్మినార్ అన్నా, ఇన్ని ఎందుకంటే ఒక కారణం 1830 నాటి బీరు చట్టం. ఇంటి పన్ను కట్టే మామూలు మనిషి రెండు గినీలు (అప్పటి డబ్బు) చెల్లిస్తే చాలు, సొంత ఇంట్లోనే బీరు కాచి అమ్ముకోవచ్చు. జిన్ తాగుడు తగ్గించాలని తెచ్చారు. ఆ దెబ్బతో వీధి వీధికీ ముందు గదిలోనే బీరు కొట్టు వెలిసింది.

రెండోది ఈ ప్రాంతం పని. ఇనుప పోత, గొలుసులు, గాజు, తూకం యంత్రాలు. స్మెథిక్‌లో సోహో ఫౌండ్రీ (పోత ఫ్యాక్టరీ) 1796లో ఆవిరి యంత్రాల బౌల్టన్, వాట్ పెట్టినది. టైటానిక్ పెద్ద లంగరు నెదర్టన్‌లోనే చేశారు. కొలిమి ముందు పది గంటలు నిలబడ్డ మనిషికి ఒంట్లో నీళ్ళుండవు. అందుకే ఇక్కడ "మైల్డ్" అనే ముదురు రంగు బీరు ఎక్కువ. రంగు చూసి ఘాటు అనుకుంటారు, కానీ అది పలచన. కాస్త తీపి, ఆల్కహాల్ మూడున్నర శాతం అటూ ఇటూ. నిషా కంటే దాహానికే తాగేవారు.

తర్వాత పెద్ద బ్రూవరీలు, అంటే బీరు తయారీ కంపెనీలు, ఈ కొట్లన్నీ కొనేశాయి. స్మెథిక్ కేప్ హిల్‌లో మిచెల్స్ అండ్ బట్లర్స్ బ్రూవరీ ఉండేది, 2002లో మూసేశారు. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్ళు. అటు వుల్వర్‌హాంప్టన్ వాళ్ళది బ్యాంక్స్ అనే బ్రూవరీ. ఏ కంపెనీ పబ్‌కి వెళ్తే ఆ కంపెనీ బీరే తాగాల్సి వచ్చేది.

చార్మినార్_టు_డడ్లీ
కేప్ హిల్ ఇళ్ళల్లోనే మా మేనేజర్ ఉంటాడు! కింద బ్రూవరీ ఉండేదని తెలీదు.

చీరాల_నర్సు
ఇదంతా మగవాళ్ళ కథ. డాక్టర్ గారు చెప్పిన స్మోక్ రూమ్‌లోకి ఆడవాళ్ళు శనివారం మొగుడితో మాత్రమే వెళ్ళాలి. ఒంటరిగా వెళ్తే పేరు పోయినట్టే.

నేను కేర్ హోమ్‌లో (వృద్ధాశ్రమంలో) చేస్తాను. అక్కడ క్రాడ్లీ హీత్ ఆవిడ ఒకరున్నారు. వాళ్ళ అమ్మమ్మ ఇంటి వెనక కొట్టంలో గొలుసులు కొట్టేది. 1910లో అక్కడి గొలుసు పని ఆడవాళ్ళు మేరీ మెకార్తర్ నాయకత్వంలో సమ్మె చేసి కూలి పెంచుకున్నారు, ఆ సమ్మెలో ఆ అమ్మమ్మ కూడా ఉందట. ఈవిడ చిన్నప్పుడు జీతం రోజు సాయంత్రం అమ్మ చేతిలో పళ్ళెంలో అన్నం పెట్టుకుని... అన్నం అంటున్నాను, ఆలూ, మాంసం, గ్రేవీ అనుకోండి... దాని మీద గుడ్డ కప్పి పబ్ తలుపు దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా మొగుడి ముందు పెట్టి వచ్చేదట. "ఇంటికి రాకపోతే ఇక్కడే తిను" అని. ఆ రోజు ఆయన సిగ్గుపడి జీతం కవరు ఇచ్చేశాడట. అందరి ఆడవాళ్ళకీ ఆ ధైర్యం ఉంటుందా?

కాబట్టి పబ్ పోయిందని ఏడవడానికి ముందు, అక్కడ పోసిన డబ్బు ఎవరి అన్నమో కూడా చెప్పుకోవాలి.

గుంటూరు_కారం
@చీరాల_నర్సు అక్కా, నేను అన్నది ఇదే. దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మూయించింది ఇందుకే కదా. రోశమ్మ గారు మొదలుపెడితే రాష్ట్రంలోనే సారా నిషేధం వచ్చింది.

డాక్టర్_విశాఖ74
చీరాల_నర్సు గారు చెప్పింది అక్షరాలా నిజం. లివర్ చెడి వచ్చినవాళ్ళనీ, కన్ను వాచి "మెట్ల మీద పడ్డాను" అన్న ఆడవాళ్ళనీ నేనే చూశాను. అయితే ఇప్పుడు పబ్‌లు తగ్గాయని తాగుడు తగ్గిందని అనుకోవద్దు. సూపర్‌మార్కెట్‌లో చవగ్గా కొని ఇంట్లో ఒంటరిగా తాగుతున్నారు. పబ్‌లో అయితే "నీకు చాలు, ఇంటికెళ్ళు" అనే మనిషి ఒకరుండేవారు.

చీరాల_నర్సు
అది ఒప్పుకుంటాను.

కాకినాడ_కోడలు
నేను పెళ్ళి చేసుకుంది పంజాబీ అబ్బాయిని, అత్తారిల్లు స్మెథిక్. మామగారు జలంధర్ పక్క పల్లె నుంచి అరవైల మొదట్లో వచ్చి ఫౌండ్రీలో చేరారు. ఆయన చెప్పినవి రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పటిదాకా రాసినవాళ్ళు ఒక సంగతి వదిలేశారు.

డాక్టర్ గారు చెప్పిన ఆ గోడలు మా మామగారికి వేరే రకంగా తెలుసు. చాలా పబ్బుల్లో నల్లవాళ్ళకీ, మనవాళ్ళకీ బార్‌లో మాత్రమే పోసేవారు. స్మోక్ రూమ్‌లోకి అడుగుపెడితే "ఇక్కడ ఇవ్వం" అనేవారు. కొన్నిచోట్ల గుమ్మంలోనే ఆపేవారు. పగలంతా ఒకే కొలిమి ముందు, ఒకే గరిటె రెండు వైపులా పట్టుకుని కరిగిన లోహం పోసినవాళ్ళు. సైరన్ మోగగానే తెల్లవాడు ఒక తలుపు, ఈయన ఇంకో తలుపు. "గరిటె పట్టినప్పుడు నా చేయి జారితే వాడి కాలు పోతుంది. అంత నమ్మకం. అదే మనిషి సాయంత్రం గ్లాసు పక్కన నా గ్లాసు వద్దన్నాడు" అంటారు మామగారు. అరవై ఏళ్ళు దాటినా ఆ మాట దగ్గర ఆయన గొంతు మారుతుంది.

దీన్ని ఎదిరించింది ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్. అవతార్ సింగ్ జౌహల్ అని, ఆయనా ఫౌండ్రీ కార్మికుడే, జలంధర్ జిల్లా జండియాలా నుంచి 1958లో వచ్చారు. ఆయన పద్ధతి ఇదీ: తెల్ల విద్యార్థులని ముందు పబ్‌లోకి పంపుతారు, వాళ్ళకి పోస్తారు. వెనకే మనవాళ్ళు వెళ్ళి అదే అడుగుతారు, పొయ్యరు. ఇక ఆ విద్యార్థులే సాక్షులు. లైసెన్సు రెన్యూవల్ వచ్చినప్పుడు వెళ్ళి అభ్యంతరం చెప్పేవారు.

పాలమూరు_పిల్లోడు
అక్కా, చదువుతుంటే ఒళ్ళు మండింది. మా ఊళ్ళో హోటల్‌లో రెండు గ్లాసుల పద్ధతి మా నాయన చూసిండు. మా వాళ్ళ గ్లాసులు బయట గోడ మీద బోర్లించి ఉండేవట. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇక్కడ గోడ, అక్కడ గ్లాసు. అంతే తేడా.

కాకినాడ_కోడలు
@పాలమూరు_పిల్లోడు అవును తమ్ముడూ. మామగారు కూడా పంజాబ్ పల్లెల్లో ఇదే ఉండేదని ఒప్పుకుంటారు.

వుల్వ్స్_ఫ్యాన్_సత్తెనపల్లి
అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చాడని మా యూనివర్సిటీలో ఎవరో అన్నారు. నిజమేనా?

ఇనుప_వంతెన
నిజం. 1965 ఫిబ్రవరి 12. 1964 ఎన్నికల్లో స్మెథిక్‌లో పీటర్ గ్రిఫిత్స్ అనే కన్జర్వేటివ్ అభ్యర్థి వలసవాళ్ళ మీద ద్వేషంతో నడిచిన ప్రచారంతో గెలిచాడు. మార్షల్ స్ట్రీట్‌లో ఖాళీ ఇళ్ళు కౌన్సిలే కొని తెల్లవాళ్ళకి మాత్రమే ఇవ్వాలని కొందరు పట్టుబట్టారు. అది చూడ్డానికే మాల్కం ఎక్స్ వచ్చాడు. జౌహల్ ఆయన్ని హై స్ట్రీట్‌లో బ్లూ గేట్స్ పబ్‌కి తీసుకెళ్ళారు. పబ్ వాళ్ళు స్మోక్ రూమ్‌లో పొయ్యం అన్నారు, బార్‌లోకి వెళ్ళమన్నారు. తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో మాల్కం ఎక్స్‌ని చంపేశారు. అదే ఏడాది డిసెంబర్ 8 నుంచి జాతి వివక్ష చట్టం అమల్లోకి వచ్చి పబ్బుల్లో ఇలా ఆపడం చట్టవిరుద్ధమైంది. మార్షల్ స్ట్రీట్‌లో ఇప్పుడు ఆయన వచ్చిన గుర్తుగా నీలం ఫలకం ఉంది.

వుల్వ్స్_ఫ్యాన్_సత్తెనపల్లి
రోజూ ఆ హై స్ట్రీట్ మీదుగానే బస్సులో వెళ్తాను. వామ్మో.

ఓల్డ్‌బరీ_రాజు
ఇవన్నీ నాకు తెలీదు. మా పక్కింటాయన వయసు చూస్తే, ఆయన కూడా ఆ స్మోక్ రూమ్‌లో కూర్చుని ఉండాలి. నాతో మాత్రం చాలా మంచిగా ఉంటాడు. చెత్త బిన్లు ఏ రోజు ఏ రంగుదో నాకు నేర్పింది ఆయనే. ఏమనుకోవాలో అర్థం కావడం లేదు.

కాకినాడ_కోడలు
రాజు గారూ, ఆయన్నే అడగండి. మా మామగారి దగ్గరి స్నేహితుల్లో ఒకాయన అలాంటివాడే. చట్టం వచ్చిన తర్వాత కూడా ఏళ్ళు పట్టింది, కానీ డామినో జట్టులో ఒక మనిషి తక్కువైతే మామగారిని పిలిచాడట. వాళ్ళు ఆడిన ఆ డామినో బల్ల ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, పబ్ సామాను అమ్మేసినప్పుడు మామగారు కొనుక్కొచ్చారు. దాని అంచు మీద బిళ్ళలు కొట్టీ కొట్టీ సొట్టలు పడ్డాయి. నా పిల్లలు హోంవర్క్ దాని మీదే చేస్తారు.

గుంటూరు_కారం
ఈ బల్ల సంగతి బాగుంది అక్కా.

బర్మింగ్‌హాం_బిర్యానీ
ఎవరూ అసలు సంగతి ఎత్తడం లేదు. మిక్స్‌డ్ గ్రిల్!! వెస్ట్ బ్రామ్, స్మెథిక్‌లో ఇప్పుడు నిండుగా నడుస్తున్న పబ్బులన్నీ దేశీ పబ్బులే, అంటే మనదేశం వాళ్ళు నడిపేవే. రెడ్ లయన్‌కి వెళ్ళండి, ఆల్ సెయింట్స్ వే మీద. ఇనుప పెనం మీద చుయ్యిమంటూ కోడి, సీఖ్ కబాబ్, లాంబ్ చాప్స్, అడుగున వేగిన ఉల్లిపాయలు. నిమ్మకాయ పిండితే పక్క బల్లవాళ్ళందరూ తలలు తిప్పుతారు. ఒక బల్ల దగ్గర పగడీ పెట్టుకున్న తాతలు, పక్కన వెస్ట్ బ్రామ్ షర్టు వేసుకున్న తెల్లవాళ్ళు, అందరి చేతులూ నూనె.

ఇనుప_వంతెన
వెస్ట్ బ్రామ్ ఫుట్‌బాల్ స్టేడియం హాథార్న్స్ దగ్గర వైన్ (Vine) అనే పబ్‌లో 1978 నుంచే బొగ్గుల మీద కాలుస్తున్నారు. అది కూడా మనదేశపు కుటుంబమే తీసుకుంది. అదే రోజుల్లో పక్కనే ఆ స్టేడియంలో సిరిల్ రెజిస్, లారీ కనింగ్‌హాం, బ్రెండన్ బ్యాట్సన్ ముగ్గురు నల్ల ఆటగాళ్ళు ఒకే జట్టులో ఆడుతుంటే ప్రేక్షకుల్లోంచి బూతులూ, అరటిపళ్ళూ పడేవి. మ్యాచ్ అవ్వగానే అదే జనం ఇటు తిరిగి ఈ చికెన్ కోసం లైన్ కట్టేవారు.

తివిడేల్_భక్తుడు
బిర్యానీ బ్రదర్, శనివారం ఇక్కడ తివిడేల్ బాలాజీ గుడికి వచ్చి తిరిగెళ్తూ మన తెలుగు కుర్రాళ్ళు సరాసరి ఈ పబ్బులకే వెళ్తున్నారు. నుదుట బొట్టు, చేతిలో లాంబ్ చాప్. కాస్త చూసుకోవాలి కదా. 2006లో ఆ గుడి వచ్చేదాకా ఎంతమంది ఎంత కష్టపడ్డారో.

బర్మింగ్‌హాం_బిర్యానీ
ఆదివారం వెళ్తాం లెండి స్వామీ.

తివిడేల్_భక్తుడు
గుడికా, పబ్‌కా?

కాకినాడ_కోడలు
ఇద్దరూ ఆగండి 😄 దేశీ పబ్ అంటే తిండి ఒక్కటే కాదు. మామగారి తరం వాళ్ళకి అది ఎంత గెలుపో ఆలోచించండి. బార్‌లోనే ఉండమన్నవాళ్ళు తర్వాత తాళంచెవులు చేతిలోకి తీసుకున్నారు. బ్రూవరీలు నడవవని వదిలేసిన పబ్బులని పొదుపు డబ్బు పెట్టి తీసుకున్నారు. పాత కస్టమర్లు పోకుండా డార్ట్ బోర్డు, మైల్డ్ అలాగే ఉంచి, వెనక వంటగది కట్టారు. వీళ్ళు లేకపోతే ఇంకెన్ని మూతపడేవో.

చార్మినార్_టు_డడ్లీ
మరి రాజు వాళ్ళది ఎందుకు పోయింది? 2007 జూలైలో సిగరెట్ నిషేధం వల్లే అన్నీ పోయాయని మా ఆఫీసులో తెల్లోళ్ళు అంటారు.

ఇనుప_వంతెన
అది ఒక కారణం, పెద్దది కాదు. ఫ్యాక్టరీలు ఎనభైల్లోనే మూతపడ్డాయి. షిఫ్ట్ వదిలే సైరనే లేనప్పుడు గేటు ఎదుట పబ్‌కి ఎవరొస్తారు? 1989లో ప్రభుత్వం పెద్ద బ్రూవరీల గుత్తాధిపత్యం తగ్గించాలని 2,000 దాటి పబ్బులున్నవాళ్ళని అదనపువాటిలో సగాన్ని తమ బీరు కట్టుబాటు నుంచి వదిలేయమంది. బ్రూవరీలు చాలావాటిని అమ్మేశాయి. వాటిని కొన్నది ఆస్తి లెక్కలు చూసే కంపెనీలు. అద్దె పెంచారు, బీరు మాత్రం తమ దగ్గరే బయటి రేటు కంటే ఎక్కువకి కొనమన్నారు. నడిపేవాడు నలిగిపోయి తాళం వేస్తే, ఆ స్థలం ఫ్లాట్లకి అమ్ముకోవచ్చు. దేశంలో 2000 ప్రాంతంలో 60 వేలు దాటి ఉండేవి, ఇప్పుడు 45 వేల చుట్టుపక్కల ఉన్నాయి.

డాక్టర్_విశాఖ74
@ఇనుప_వంతెన సిగరెట్ సంగతి మీరు తేలిగ్గా తీసేస్తున్నారు. సిగరెట్ తాగే నా ఛాతీ పేషెంట్లు అందరూ ఒక్కసారిగా పబ్‌కి వెళ్ళడం మానేశారు. డాక్టరుగా ఆ నిషేధానికి నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. కానీ చిన్న పబ్‌కి వాళ్ళే ఆధారం, అది కాదనలేం.

ఇనుప_వంతెన
సరే డాక్టర్ గారూ, మీరు దగ్గర నుంచి చూశారు. చిన్నవాటి విషయంలో మీ మాటే.

వుల్వ్స్_ఫ్యాన్_సత్తెనపల్లి
హిమ్లీ దగ్గర వంకర పబ్, క్రూకెడ్ హౌస్, ఎవరైనా వెళ్ళారా? నేను 2022లో వెళ్ళా. కింద బొగ్గు తవ్వకాలతో నేల కుంగి ఇల్లు ఒక పక్కకి ఒరిగిపోయింది. లోపల గట్టు మీద గోళీ పెడితే పైకి దొర్లుతున్నట్టు కనిపించేది, నిజానికి కిందకే. 1765 నాటి ఇల్లు. 2023 ఆగస్టు 5 రాత్రి తగలబడింది, రెండు రోజుల్లో జేసీబీ పెట్టి మొత్తం కూల్చేశారు. జనం ఊరేగింపుగా వెళ్ళి ఇటుకలు కాపాడుకున్నారు. మళ్ళీ యథాతథంగా కట్టాలని 2024లో కౌన్సిల్ ఆర్డర్ ఇచ్చింది.

చీరాల_నర్సు
ఆ వారం మా కేర్ హోమ్‌లో అందరూ టీవీ ముందే. ఒకాయన అక్కడే పెళ్ళి విందు చేసుకున్నాడట, ఆ రోజంతా భోజనం ముట్టలేదు.

ఇనుప_వంతెన
రాజూ, ఇక పని మాటలు. మీ పబ్ విషయంలో ఇంకా దారి ఉంది. 2017 మే నుంచి ఇంగ్లండ్‌లో పబ్‌ని ఇళ్ళుగా మార్చాలన్నా, కూల్చాలన్నా ప్లానింగ్ అనుమతి తప్పనిసరి. ఆ నోటీసు అందుకే కట్టారు. గడువులోపు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. రెండోది, 2011 లోకలిజం చట్టం కింద దాన్ని ఊరివాళ్ళకి విలువైన ఆస్తిగా (Asset of Community Value) నమోదు చేయమని కౌన్సిల్‌ని అడగొచ్చు. సంఘం రిజిస్టర్ అయి ఉండక్కర్లేదు, స్థానిక ఓటర్లు 21 మంది ఉంటే చాలు. నమోదైతే ఐదేళ్ళు ఉంటుంది. యజమాని అమ్మాలనుకుంటే ముందు కౌన్సిల్‌కి చెప్పాలి, ఊరివాళ్ళు మేం కొంటామంటే ఆరు నెలలు ఆగాలి. మూసేసినా ఫర్వాలేదు, ఈమధ్యదాకా నడిచి ఉంటే చాలు.

ఓల్డ్‌బరీ_రాజు
నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. నాకు ఓటు ఉంటుందా?

డాక్టర్_విశాఖ74
ఉంటుంది బాబూ! కామన్‌వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ ఉండే వీసాతో నివసిస్తుంటే ఓటు నమోదు చేసుకోవచ్చు, భారతీయులూ అందులోనే. మనవాళ్ళలో సగం మందికి ఇది తెలీదు. ఇవాళే చేసుకోండి. మన శాండ్‌వెల్ కౌన్సిల్ కాకపోయినా పక్క కౌన్సిల్ ఓటరైనా లెక్కకొస్తుంది. నా పేరు రాసుకోండి.

కాకినాడ_కోడలు
నావీ, మా ఆయనవీ, మామగారివీ రాసుకోండి.

పాలమూరు_పిల్లోడు
నాది కూడా. రేపు ఓటు అప్లై చేస్తా.

గుంటూరు_కారం
తాగుడు విషయంలో నా మాట మారదు. కానీ ఆ పెద్దాయన కూర్చోడానికి చోటుండాలి. నాదీ రాసుకో. కాఫీ కూడా అమ్మేలా చూడు రాజూ.

ఓల్డ్‌బరీ_రాజు
అందరికీ థాంక్స్. పక్కింటాయనకి చెప్పాను, ఆయన పాత డార్ట్స్ జట్టులో బతికున్నవాళ్ళ నంబర్లన్నీ కాగితం మీద రాసిచ్చాడు. ఫారంలో ఈ పబ్ జనానికి ఎలా ఉపయోగపడిందో రాయాలట. మీ పోస్టుల్లో సంగతులు వాడుకోవచ్చా?

కాకినాడ_కోడలు
వాడండి. పాత రోజుల్లో మీ పబ్‌లో ఎవరిని ఏ గదిలో కూర్చోబెట్టారో కూడా కనుక్కుని రాయండి. మామగారు ఆదివారం ఖాళీగానే ఉంటారు, మీ పక్కింటాయన్ని తీసుకుని మా ఇంటికి రండి. ఇద్దరూ కూర్చుని చెప్తే మీరు రాసుకోవచ్చు.

ఓల్డ్‌బరీ_రాజు
ఆయన్ని అడిగాను. పదకొండింటికి వస్తాం. డామినోలు ఉన్నాయా, లేకపోతే తనవి తెమ్మంటారా అని అడుగుతున్నాడు.